మూడుకాళ్ళ కుర్చీ నడక

కుర్చీ సముద్రంలోకి నడిచి వెళ్ళి మునిగిపోయింది. ముందు కాళ్ళు, తర్వాత కూర్చునే పలక, చివరికి వీపుకర్ర. నాలుగు బుడగలు పైకి తేలాయి. కంప్యూటరు తెర తెల్లబడిపోయింది.

"చూశారుగా ఇన్సూరెన్సు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ. "ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? అయిదింటికి ఫైలు మూసేస్తాను. గజ ఈతగాళ్ళని పొద్దున్నే వెనక్కి పిలిపించాను."

"ఫైలు మూస్తే మనిషి దొరికినట్టా?"

"ఇక దొరకదని తేలినట్టు."

ఈయనకీ నాకూ ఉప్పూ నిప్పూ. నేను బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ జుట్టు నెరిపించుకుని, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని. మెడకు పట్టీ కట్టుకుని వచ్చినవాడు ఇంటికెళ్ళి గ్యాసు బండ మోస్తాడేమోనని ఎదురింటి మేడ మీద కాపు కాసిన ఉద్యోగం నాది. కుంటినట్టు నటించేవాళ్ళ నడకలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ మధ్య గోదాము తగలబడిన కేసులో ఈయన ప్రమాదమని రాసిన చోట నేను కిరసనాయిలు డబ్బా చూపించాను. అప్పటినుంచీ నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు.

గదిలో మరో ఇద్దరున్నారు. కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నది కొడుకు. గోడవారగా ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చున్నది అత్తగారు, నన్ను పిలిపించిన మనిషి. కనిపించకుండా పోయింది కోడలు.

మేమున్న ఈ మేడ గదిలోనే మొగుడూ పెళ్ళాం కలిసి మూడేళ్ళుగా ఒక వీడియో గేము తయారు చేస్తున్నారు. ఆమె బొమ్మలు గీస్తుంది, అతను వాటిని నడిపించే ప్రోగ్రాము రాస్తాడు. అందులో హీరో ఒక కుర్చీ. ముందరి ఎడమకాలు పోగొట్టుకున్న కుర్చీ ఆ కాలు కోసం ఇల్లంతా వెతుకుతుంది, అంతే కథ. కానీ ఆ ఇల్లు ఇల్లులా ఉండదు. బీరువా తలుపు తీస్తే అల కొడుతుంది. మెట్లు పైనుంచి వానలా పడుతుంటే కుర్చీ వాటిని ఏరుకుని పేర్చుకుని ఎక్కాలి. గోడ గడియారం ఆవులిస్తే అందులోంచి ఇంకో గది కనబడుతుంది. ఇంత జరిగినా ఒక్క మాట వినపడదు, ఒక్క అక్షరం కనపడదు. ఆట మొదలుపెట్టే చోట కూడా ఏమీ రాసి ఉండదు, తలుపు తోసుకుని పోవడమే. నేను ఈ ఆటలంటే ఆమడ దూరం ఉండేదాన్ని. నిన్న రెండు గంటలు ఆడి, చివరికి ఒక కుర్చీ మీద జాలిపడి కళ్ళు తుడుచుకున్నాను. అది వేరే సంగతి.

సోమవారం సాయంత్రం కోడలు నడిచొస్తానని బయటికెళ్ళి తిరిగి రాలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆమె ఖాతా నుంచి ఈ కంప్యూటరుకి కొత్త సీను వచ్చింది, ఇప్పుడు చూసినదే. బుధవారం రేవు గోడ మీద ఆమె చెప్పులు దొరికాయి. మాటల్లేని ఆట గీసే మనిషి మాటల్లేకుండానే సెలవు తీసుకుందని ఇన్‌స్పెక్టర్ తీర్మానం. ఇవాళ గురువారం.

"సోమవారం మీ ఇద్దరికీ గొడవైందా?" అని అడిగాను కొడుకుని.

అతను తల్లి వైపు చూశాడు.

"ఆవిడ మొహం మీద రాసుండదు బాబూ, నాకు చెప్పు."

"అయింది," అన్నాడు. "ఒక పెద్ద కంపెనీ మా గేము కొంటానంది. కుర్చీకి గొంతు పెట్టాలని షరతు. ఎవరో యాక్టరు చేత మాట్లాడిస్తారట. నేను సరేనన్నాను. చెవిపోటు కూడా సరేనన్నాడు."

"చెవిపోటు ఎవరు?"

"మా గేముకి చప్పుళ్ళు చేసేవాడు. నా చిన్ననాటి స్నేహితుడు. స్కూల్లో బెంచీ కిర్రుమన్నా చెవి పోటెత్తిందని ఏడ్చేవాడు, ఆ పేరే ఉండిపోయింది. గేములో ముగ్గురికీ వాటా ఉంది, ముగ్గురూ సంతకం పెడితేనే బేరం. తను మాత్రం పెట్టనంది. మాట్లాడే కుర్చీ కావాలంటే బజార్లో వేరే కొనుక్కోమంది."

"బేరం ఎప్పటిదాకా ఉంది?"

"రేపటిదాకా."

"మీ ఆవిడ లేకపోతే ఆమె సంతకం ఎవరు పెడతారు?"

"నేనే. ఒకరు లేకపోతే ఆ వాటా ఇంట్లోవాళ్ళదని ఒప్పందంలో రాసుకున్నాం."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూడటం మానేసి అతన్ని చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు గానీ, ప్రశ్న వేసింది నేనే కదా, ఎవర్ని అనాలి!

"సీను మళ్ళీ వెయ్యి," అన్నాను.

తెర మీద ఎండ పడుతోందని అత్తగారు లేచి కిటికీ పరదా లాగడానికి వెళ్ళారు. ఆవిడ ఎడమకాలు పొట్టి. కుడికాలు గట్టిగా మోపుతారు, ఎడమకాలు కాస్త ఈడుస్తారు, మధ్యలో చిన్న ఆగడం. టక్, ఈడ్పు. టక్, ఈడ్పు. ఆ చప్పుడు నేను ఇంతకు ముందు విన్నాను, ఇంట్లో కాదు, ఆటలో.

"అమ్మా, కుర్చీది మీ నడకా?"

"నాదే!" అన్నారావిడ. "ఆర్నెల్లు నా వెనకాలే తిరిగింది పుస్తకం పట్టుకుని. ఇదేం పిల్లరా దేవుడా, అందరి కోడళ్ళూ అత్తగారి నగల మీద కన్నేస్తే ఇది నా కుంటికాలి మీద కన్నేసిందేంటి అనుకున్నా. ఓ రోజు అడిగేశాను, వెక్కిరిస్తున్నావా అని. 'కాదత్తయ్యా, మీరు నడుస్తుంటే ఎక్కడికి బయల్దేరారో అక్కడికి చేరి తీరతారనిపిస్తుంది' అంది. చూడంది గీయదమ్మా అది. ఈగని గీయాలన్నా ఈగ వచ్చేదాకా కూర్చుంటుంది."

చెబుతూ ఆవిడ వెనక్కి తిరిగి వచ్చారు. వెళ్ళేటప్పుడు కుంటికాలు నాకు అవతలి వైపు ఉంది. వచ్చేటప్పుడు నా వైపుకి వచ్చింది. ఇందులో వింతేముంది, మనిషి తిరిగితే కాలూ తిరుగుతుంది. కానీ అదే క్షణంలో తెర మీద కుర్చీ కుడి నుంచి ఎడమకి నడుస్తోంది.

"ఆపు!"

అందరూ ఉలిక్కిపడ్డారు. నేను తెరకి ముక్కు ఆనించినంత పని చేశాను. కుర్చీ ఎడమకి నడుస్తుంటే దాని ఎడమ పక్క మన వైపు ఉండాలి. లేని కాలు ఎడమకాలు కాబట్టి ఆ ఖాళీ మన వైపే కనబడాలి. ఇక్కడ మన వైపు కాళ్ళు రెండూ ఉన్నాయి. ఖాళీ అవతల ఉంది.

"ఈ కుర్చీకి లేనిది కుడికాలు," అన్నాను.

గోడ నిండా ఆమె గీసిన నడకల వరసలు అంటించి ఉన్నాయి. కుర్చీ కుడికి పోయేవి పైవరస, ఎడమకి పోయేవి కింది వరస, అన్నీ విడివిడిగా చేత్తో గీసినవే. వాటిలో ఎక్కడా కాలు తప్పలేదు. కొడుకు నా పక్కకొచ్చి చూశాడు. అతని పెదాలు పాలిపోయాయి.

"ఫ్లిప్," అన్నాడు గొణుగుతున్నట్టు.

"అంటే?"

"ఒక వైపు నడక గీసేసి, రెండో వైపుకి దాన్నే అద్దంలో చూపించినట్టు తిప్పెయ్యడం. అందరూ అలాగే చేస్తారు, పని సగం తగ్గుతుంది. అలా తిప్పితే కాలు కూడా మారిపోతుంది. మొదట్లో నేనూ అలాగే చెయ్యమన్నాను. కుంటివాడు వెనక్కి తిరిగితే కుంటికాలు మారుతుందా అని నన్ను కడిగేసింది. వారం రోజులు మాట్లాడలేదు."

"అయితే ఈ సీను గీసింది ఆవిడ కాదు!" ఇన్‌స్పెక్టర్ చటుక్కున లేచాడు. "పాత బొమ్మలు తీసుకుని ఎవరో తిప్పి అతికించారు. ఫ్లిప్ చెయ్యమని పోట్లాడింది ఎవరు? తమరు. ఆవిడ ఖాతా తాళం తెలిసింది ఎవరికి? తమరికి. ఆవిడ పోతే సంతకం ఎవరిది? తమరిదే. బాబూ, జీపు ఎక్కు."

"ఆగండి. ఇందాకటిదాకా ఆత్మహత్య అన్నారు," అన్నాను.

"మీరే కదా కళ్ళు తెరిపించారు! రిపోర్టులో మీ సాయం కూడా రాస్తాలెండి, చిన్న అక్షరాల్లో."

"నేను ఒక కాలు తప్పుందన్నాను. ఖూనీ అనలేదు."

"మిగతాది అతనే అంటాడు. శవం ఎక్కడుందో కూడా."

"నేనేం చెయ్యలేదమ్మా!" అన్నాడు కొడుకు. అత్తగారు లేవలేదు, ఏడవలేదు. ఒళ్ళో చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కిందనుంచి జీపు కదిలిన చప్పుడు వినిపించాక అప్పుడు నన్ను చూశారు.

"నా కోడల్ని వెతకమంటే నా కొడుకుని పట్టించావేంటమ్మాయ్."

నాకు తల కొట్టేసినట్టయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను మోకాటి లోతు తొక్కి కూర్చున్నాను. ఆధారం చేతికి రాగానే నోరు జారడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు, పైగా ఎదురుగా ఆ ఇన్‌స్పెక్టర్ ఉంటే మరీను.

"అమ్మా, ఒకవేళ…"

"ఒకవేళ వాడే చేసుంటే వాడే చేశాడను," అన్నారావిడ. "నా కొడుకని వెనకేసుకు రాను. కానీ సగంలో వదిలిపెట్టి పోకు. ఆ పిల్ల బతికుందో లేదో నాకు తేల్చు. ఆ పోలీసాయన వెతకడం మానేశాడు. నువ్వు కూడా మానేస్తే దాన్ని వెతికేవాళ్ళెవరు?"

నిజమే. ఆత్మహత్య అన్నా, ఖూనీ అన్నా, ఇన్‌స్పెక్టర్ లెక్కలో ఆ పిల్ల పోయినట్టే. బతికున్న మనిషిని వెతికేది ఇప్పుడు నేనొక్కదాన్నే. టైము మూడున్నర దాటింది.

గదిలో అటూ ఇటూ తిరిగాను. కుదురుగా నిలబడబుద్ధి కాలేదు. బల్ల మీద అసలు కుర్చీ ఉంది, ఆమె చూసి గీసిన పాత చెక్క కుర్చీ. ముందరి ఎడమకాలు లేదు. దాన్ని చేత్తో తిప్పుతుంటే వీపుకర్ర ఎడమ కొమ్ము మీద నల్లటి మచ్చ వేలికి తగిలింది.

"ఇదేంటమ్మా?"

"ఇస్త్రీపెట్టె ఆనించాను ఒకసారి. అది కూడా వదలకుండా గీసింది."

మచ్చ ఎడమ కొమ్ము మీద మాత్రమే ఉంది. కుర్చీ కుడికి నడిచే బొమ్మల్లో అది అవతలి వైపు పడుతుంది, కనబడదు. ఎడమకి నడిచే బొమ్మల్లోనే కనబడుతుంది. గోడ మీద వరసలు చూశాను, సరిగ్గా అలాగే ఉన్నాయి. అంటే కుడికి నడిచే బొమ్మని తీసుకుని ఎవరైనా తిప్పేసి ఉంటే ఆ మచ్చ ఉండకూడదు.

తెర మీద సీను మళ్ళీ వేశాను. సముద్రం వైపు నడుస్తున్న కుర్చీ మన వైపు కొమ్ము మీద మచ్చ ఉంది. ఇస్త్రీపెట్టె మొన ఆకారంతో సహా.

నేను కంప్యూటరు ముందున్న కుర్చీలో కూలబడ్డాను. తిప్పిన బొమ్మ కాదిది. ప్రతి అడుగూ చేత్తో కొత్తగా గీసింది. మచ్చ మర్చిపోని చెయ్యి. ఇల్లంతా తిరిగి అత్తగారి నడక పట్టుకున్న చెయ్యి. ఇది కోడలే గీసింది, కాలు ఒక్కటే మార్చి గీసింది. మూడేళ్ళలో ఒక్కసారి తప్పని మనిషి సీను మొత్తంలో ప్రతి అడుగులోనూ తప్పిందంటే అది తప్పు కాదు. పక్కన ఎవరో నిలబడి గీయిస్తుంటే వాళ్ళకి తెలియకుండా పెట్టిన కేక.

"అమ్మా, మంగళవారం మధ్యాహ్నం దాకా మీ కోడలు బతికే ఉంది," అన్నాను. "ఎవరో బలవంతంగా కూర్చోబెట్టి గీయించారు."

అత్తగారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఏడ్చారు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోను చేశాను. మచ్చ సంగతి మొత్తం చెప్పాను.

"ఇందాక కాలు, ఇప్పుడు మచ్చ," అన్నాడాయన. "ఇంకో గంటకి కుర్చీ జాతకం కూడా చెబుతారు. నేను ముద్దాయితో మాట్లాడుతున్నాను మేడమ్, ఫోను పెట్టెయ్యండి."

పెట్టేశాడు. పెట్టేసింది ఆయనే అయినా నేను రెండు మాటలు ఆ ఫోనుకి చెప్పాను.

"చెవిపోటు ఎలాంటివాడు?" అని అడిగాను అత్తగారిని.

"పిన్నీ పిన్నీ అంటూ మెట్లు మూడేసి ఎక్కుతూ వచ్చేవాడు. ఇది గీసిన సీనుకి వాడే చప్పుడు పెట్టాలి. సోమవారం నుంచి ఈ గుమ్మం తొక్కలేదు. ఇంత జరిగితే పలకరించడానికన్నా రావద్దూ? జ్వరమని ఫోన్లో చెప్పాడు."

ఈ సీనుకి చప్పుడు లేదు. అలలు కూడా నిశ్శబ్దంగానే కదిలాయి. సీను అతని దగ్గరికి కూడా వెళ్ళిందా, దాంతోపాటు ఆమె ఇంకేమైనా పంపిందా, అది అడగాలి. ఎక్కడికి వెళ్తున్నానో అత్తగారికి చెప్పి, నాలుగున్నరకల్లా నా ఫోను రాకపోతే ఇన్‌స్పెక్టర్‌కి ఫోను మీద ఫోను చేసి ప్రాణం తియ్యమని చెప్పి బయల్దేరాను.

చెవిపోటు గది రెండు వీధుల అవతల, మూతపడిన పాత రికార్డుల దుకాణం కింద నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుండగానే నా ఫోనులో సిగ్నలు పోయింది. తలుపు పక్కన చిన్న స్పీకరులోంచి గొంతు వచ్చింది.

"తోసుకుని రండి, తీసే ఉంది."

తలుపు నా అరచెయ్యంత మందం. మూసుకోగానే వీధి చప్పుడు కోసేసినట్టు ఆగిపోయింది. ముందున్న చిన్న గదీ, దాని గడపా దాటితే అసలు గది, గోడలకీ కప్పుకీ నల్లటి స్పాంజి. నా మాట నా నోటి ముందే పడిపోతున్నట్టు అనిపించింది. మధ్యలో చక్రాల కుర్చీలో, మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని చెవిపోటు కూర్చున్నాడు. పాతికేళ్ళు దాటి మూడో నాలుగో ఉంటాయి. మర్యాదగా నమస్కారం పెట్టాడు. లేవలేదు.

"జ్వరం తగ్గిందా బాబూ?"

"ఇంకా నీరసంగానే ఉంది మేడమ్. పిన్ని ఎలా ఉన్నారు? ఆవిడ మొహం చూసే ధైర్యం లేక రాలేదు."

"ఆమె చివరి సీను నీకూ వచ్చిందా?"

"వచ్చింది. చప్పుడు పెట్టాలని కూర్చున్నాను, చెయ్యి రాలేదు." కళ్ళు తుడుచుకున్నాడు.

"సోమవారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఇక్కడే. ఒక్కణ్ణే. సాక్ష్యం ఎవరూ లేరు," అన్నాడు. నేను అడక్కముందే సాక్ష్యం గురించి చెప్పేవాళ్ళని నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకం.

"ఆమె గీసిన సీన్లన్నీ నీ దగ్గరుంటాయా? మెట్ల వాన సీను ఒకసారి చూడాలి."

కుడి అర మీద ఉంది డిస్కు. చేయి చాపితే అందదు. లేచి రెండడుగులు వేస్తే అందుతుంది. అతను ఎడమకాలితో నేలని తోసి కుర్చీని దొర్లించుకుంటూ వెళ్ళాడు, తీశాడు, దొర్లుకుంటూ వచ్చాడు. కంప్యూటరు వైరు సరిచెయ్యడానికి అలాగే దొర్లాడు. దీపం వెయ్యడానికీ అంతే. బద్ధకమనుకున్నాను మొదట. మూడోసారికి నాలో పాత ఉద్యోగం మేల్కొంది. మెట్లు మూడేసి ఎక్కే మనిషి ఒక్క అడుగు వెయ్యకుండా గదంతా తిరుగుతున్నాడు. కుడికాలు కుర్చీ మెట్టు మీద ఊరికే పెట్టి ఉంచాడు, ఒక్కసారి కూడా నేలకి తాకించలేదు.

అతని వెనక ఇంకో మందపాటి తలుపు ఉంది. దాని మీద ఎర్రబల్బు వెలుగుతోంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"వాన చప్పుడు రికార్డవుతోంది మేడమ్. పైపు కింద రేకు పెట్టాను. తలుపు తీస్తే పాడైపోతుంది."

"నిన్నటినుంచీ తిరుగుతున్నాను బాబూ, గొంతెండిపోయింది. కాసిని మంచినీళ్ళిస్తావా?"

నీళ్ళ సీసాలు బయటి చిన్న గదిలో ఉన్నాయి. ఆ గదికీ ఈ గదికీ మధ్య జానెడెత్తు గడప. దాని మీదుగా చక్రాలు పోవు. అతను గడపని చూశాడు, నన్ను చూశాడు. కాదంటే అనుమానం, లేస్తే ఏమో! ఒక్క క్షణం తటపటాయించి లేచాడు. హెడ్‌ఫోన్ల తీగ పొట్టిది, అక్కడిదాకా రాదు. మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

నడిచాడు. మామూలుగా నడవడానికి చాలా కష్టపడ్డాడు, కానీ కుంటినట్టు నటించడం ఎంత కష్టమో కుంటడం దాచుకోవడం అంతకు రెట్టింపు కష్టం. ఎడమకాలు ధీమాగా మోపాడు. కుడికాలు ఈడ్చాడు. మధ్యలో చిన్న ఆగడం.

చూడంది గీయదమ్మా అది, అన్నారు అత్తగారు. కోడలు కాలు ఊరికే మార్చలేదు. తన ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాస్తున్న మనిషిని చూసి గీసింది. సీనులో మునిగిపోయిన కుర్చీది అత్తగారి నడక కాదు, వీడి నడక.

అతను సీసా మూత తిప్పుతున్నాడు, వీపు నా వైపు ఉంది. నేను హెడ్‌ఫోన్లు తీసుకుని ఒక చెవికి ఆనించుకున్నాను. వాన లేదు. రేకు లేదు. ఏదో చెక్క మీద వేలిముడితో ఎవరో కొడుతున్నారు, మెల్లగా, ఆగి ఆగి. టక్, తర్వాత గోరుతో గీకిన చప్పుడు. టక్, గీకుడు. ఆర్నెల్లు వెనకాలే తిరిగి నేర్చుకున్న నడక అది.

బతికే ఉంది! నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఆ క్షణంలో నాకు భయం లేదు, ఇన్‌స్పెక్టర్ లేడు, ఏమీ లేదు. బతికే ఉంది ఆ పిల్ల, నేను కూర్చున్న చోటికి పదడుగుల దూరంలో.

"అవి కింద పెట్టండి మేడమ్."

గడప దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు. రెండో చేత్తో వెనకనున్న బయటి తలుపు గడియ వేశాడు. చప్పుడు కాకుండా వేశాడు, ఆ పనిలో ఆరితేరినవాడు కదా.

"ఆవిడ చెప్పులు రేవు గోడ మీద పెట్టొచ్చిన కాసేపు తప్ప, మూడు రోజులనుంచీ అవి మెడలోంచి తియ్యలేదు నేను," అన్నాడు. "ఆవిడ కదిలితే నాకు తెలియాలి. నిద్రలో కూడా చెవికి పెట్టుకునే పడుకున్నాను. ఒక్క నిమిషం తీశాను."

"కాలికేమైంది?"

"మైకు స్టాండు అడుగున ఇనుప బిళ్ళ ఉంటుంది. సోమవారం నా పాదం మీద పడేసింది." నవ్వబోయాడు, రాలేదు. "ఎంత బతిమాలాను! మాట్లాడితే ఏం పోతుంది, కుర్చీయే కదా! వినలేదు. రేపు సంతకం అయ్యాక వదిలేద్దామనే అనుకున్నాను మేడమ్. మీరు రాకుండా ఉంటే."

అబద్ధం. ఊరంతా చనిపోయిందనుకున్న మనిషిని ఎవరూ వదిలిపెట్టరు. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే నా కళ్ళలోకి చూడలేదు.

"ఆవిడే నిన్ను పట్టించింది బాబూ," అన్నాను. మాటల్లో పెట్టి పొద్దు గడపాలి, నాలుగున్నర అవ్వాలి. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. "సీనులో కుర్చీకి నీ కాలు పెట్టింది. నీ నడక నడిపించింది. చూసుకోలేదా?"

అతను తెర వైపు చూశాడు. అక్కడ సముద్రం లేదు, మెట్ల వాన సీను ఆగి ఉంది. అయినా చూశాడు. తర్వాత తన కాలిని చూసుకున్నాడు.

"పక్కనే నిలబడ్డాను," అన్నాడు నమ్మలేనట్టు. "ప్రతి బొమ్మా నా కళ్ళ ముందే గీసింది."

"నిలబడ్డావు. చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నీకు చెవులే గానీ కళ్ళేవి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారే జబ్బుందని ఇందాకే చెప్పాను కదా. అతని మొహంలో ఉన్న కాస్త బెరుకూ పోయింది. గ్లాసు జాగ్రత్తగా అర మీద పెట్టాడు.

"ఇక్కడ ఎంత అరిచినా మెట్ల మీదున్న పిల్లికి కూడా వినపడదు మేడమ్," అన్నాడు. "కళ్ళు లేవన్నారుగా. అయితే ఇద్దరం సమానంగా ఉందాం."

చెయ్యి చాపి మెయిన్ స్విచ్చి నొక్కాడు.

దీపాలన్నీ పోయాయి. కంప్యూటరు తెర పోయింది. ఎర్రబల్బు కూడా పోయింది. నా అరచెయ్యి నాకు కనబడలేదు. నా చేతిలో హెడ్‌ఫోన్లు ఒక్కటే మిగిలాయి, వాటిలోంచి వచ్చే చప్పుడు కూడా ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుని, ఎర్రబల్బు ఉన్న తలుపు ఎటుందో గుర్తు చేసుకుంటూ, ఊపిరి బిగపట్టి వెనక్కి జరిగాను. ఆ తలుపు నాకు ముందు దొరకాలి, అతనికి నేను దొరికేలోపు.

గడప దగ్గర ఒక అడుగు పడింది. ఎడమకాలు. చిన్న ఆగడం. కుడికాలు నేల మీద ఈడ్చిన చప్పుడు.

ఎంత నెమ్మదిగా నడవాలనుకున్నా ఆ కాలు అతని మాట వినడం లేదు. కాబట్టి అతను ఎంత దూరంలో ఉన్నాడో నాకు ప్రతి అడుగూ చెబుతోంది. ఇప్పుడు అడుగులు ఆగిపోయాయి. బల్లకి అవతలే నిలబడి నా ఊపిరి కోసం వింటున్నాడు.